స్విచ్ ఆపినా మినుకుమనే ఎల్‌ఈడీ బల్బు గురించి

సంపాదకులకు నమస్కారం.

రాత్రి లైటు ఆపి పడుకున్నాక కూడా ఎల్‌ఈడీ బల్బు సన్నగా వెలుగుతూ ఉండటం, లేదంటే నాలుగైదు సెకన్లకోసారి తళుక్కుమనడం చాలా ఇళ్లలో చూస్తున్నదే. దానికి చెప్పే కారణాలు మాత్రం మనిషికొకటి. ఎర్తు పోయిందని ఒకరు, గోడలో షార్టుందని ఒకరు, బల్బు నాసిరకమని ఇంకొకరు. మీటరు ఊరికే తిరిగిపోతోందని ఇంటాయన బెంగ. పిలిస్తే వచ్చిన ఎలక్ట్రీషియన్ బల్బు మారుస్తాడు. ఆగితే సరి, ఆగకపోతే గోడ పగలగొట్టే దాకా పోతుంది వ్యవహారం. ఎక్కువ ఇళ్లలో అసలు కారణం పైపులో ఒకదాన్నొకటి ఆనుకుని నడిచే వైర్ల మధ్య, ఎవరూ కొని పెట్టకుండానే ఏర్పడిన కండెన్సరు. కానీ సరిగ్గా ఇదే లక్షణంతో బయటపడే ప్రమాదకరమైన తప్పు ఇంకొకటి ఉంది: స్విచ్ ఫేజులో (కరెంటును తెచ్చే వైరులో) కాకుండా న్యూట్రల్‌లో (తిరిగి పోయే వైరులో) ఉండటం. మొదటిదాన్ని చూసి భయపడనక్కర్లేదు, రెండోదాన్ని చూసీ చూడనట్టు వదలకూడదు. ఈ రెంటినీ విడదీసి చెప్పే పరీక్ష అరగంట పని. అది చేయకుండానే బల్బులు మార్చేస్తున్నారన్నదే మా ఫిర్యాదు.

రెండు లోహాల మధ్య కరెంటు పారని పదార్థం ఏదైనా ఉంటే అది కండెన్సరే. ఫ్యానులో ఉండే 2.5 మైక్రోఫారడ్ కండెన్సరు పలచటి ప్లాస్టిక్ పొరల మీద లోహపు పూత పూసి చుట్టినది. గోడ పైపులోని రెండు వైర్లూ అంతే: రాగి, పీవీసీ తొడుగు, మళ్లీ రాగి. మీటరు పొడవున ఆనుకుని నడిచే రెండు వైర్ల మధ్య 50 పీకోఫారడ్‌ల చుట్టుపక్కల కెపాసిటెన్స్, అంటే చార్జి పట్టే శక్తి, ఉంటుంది. పైపు కిక్కిరిసి చుట్టూ మూడు నాలుగు ఫేజు వైర్లుంటే 100కు చేరుతుంది. స్విచ్ బోర్డు నుంచి హోల్డరు దాకా, మధ్యలో జంక్షన్ బాక్సుల మీదుగా 15 మీటర్లు అనుకుంటే మొత్తం సుమారు 1 నానోఫారడ్, అంటే 1,000 పీకోఫారడ్‌లు. ఫ్యాను కండెన్సరులో ఇది 2,500వ వంతు. ఇంటికొచ్చే ఏసీని కండెన్సరు పూర్తిగా ఆపదు, అడ్డు మాత్రం చూపుతుంది: 50 హెర్ట్జ్ దగ్గర 1 నానోఫారడ్ చూపే అడ్డు 32 లక్షల ఓమ్‌లు. 230 వోల్టులను దానితో భాగిస్తే వచ్చే కరెంటు 72 మైక్రోయాంపులు. స్విచ్ ఆపి ఉన్నా, రాగి ఎక్కడా కలవకపోయినా, పక్కనున్న ఫేజు వైరు నుంచి స్విచ్ తర్వాతి వైరులోకి ఈ కరెంటు నిత్యం దూకుతూనే ఉంటుంది.

తంతి బల్బుల రోజుల్లోనూ ఈ కరెంటు ఇలాగే దూకేది. 60 వాట్ల బల్బు తంతిని ఎర్రబరచాలన్నా పదుల మిల్లీయాంపులు కావాలి కాబట్టి 72 మైక్రోయాంపుల సంగతి ఎవరికీ తెలియలేదు. 2015 జనవరి 5న ఉజాలా పథకం మొదలై దేశమంతటా 36 కోట్లకు పైగా ఎల్‌ఈడీ బల్బులు పంచాక, గోడల్లో దాగినదంతా బల్బుల్లోంచి కనబడసాగింది. ఎల్‌ఈడీకి తాను పూర్తిగా వెలిగేటప్పటి కరెంటులో వెయ్యో వంతు అందినా చీకటి గదిలో కంటికి ఆనేంత వెలుగు వస్తుంది.

సన్నగా వెలగడం, తళుక్కుమనడం అనే తేడా బల్బు లోపలి డ్రైవరును, అంటే కరెంటును ఎల్‌ఈడీలకు తగ్గట్టు మార్చే సర్క్యూట్‌ను బట్టి వస్తుంది. సాదా రకం డ్రైవరైతే వచ్చిన కరెంటు వచ్చినట్టే ఎల్‌ఈడీలకు పోతుంది, అందుకే సన్నటి నిలకడ వెలుగు. ఐసీ (చిప్) ఉన్న డ్రైవరైతే, ముందున్న ఎలక్ట్రోలైటిక్ కండెన్సరు నిండి ఐసీ మేలుకునే వోల్టేజీ దాకా ఆగాలి. 4.7 మైక్రోఫారడ్ కండెన్సరు 60 వోల్టులకు చేరాలంటే 282 మైక్రోకూలూంబుల చార్జి కావాలి. 72 మైక్రోయాంపుల ఏసీ, దాన్ని డీసీగా మార్చే బ్రిడ్జి రెక్టిఫయరు దాటాక సగటున 65 అవుతుంది. అంటే నాలుగు సెకన్లకు పైచిలుకు. నిండగానే ఐసీ మేలుకుంటుంది, ఒక్క మెరుపులో ఉన్నదంతా ఖర్చయిపోతుంది, మళ్లీ మొదటికి. సెకన్లు లెక్కపెట్టి వైరు ఎంత దూరం నడిచిందో ఉజ్జాయింపుగా చెప్పవచ్చు కూడా.

బిల్లు భయం అనవసరం. 72 మైక్రోయాంపులు మొత్తం నిజమైన ఖర్చే అనుకున్నా 17 మిల్లీవాట్లకు మించదు. ఏడాది పొడవునా రాత్రింబవళ్లు కలిపి లెక్కేసినా ఒక యూనిట్‌లో ఆరో వంతు కూడా కాదు. మీటరు లెక్క మొదలుపెట్టేదే మిల్లీయాంపుల్లో, ఇంత చిన్న కరెంటు దాని కంటికి ఆనదు.

ఈ జబ్బు ఎక్కువగా కనిపించేది మెట్ల బల్బుకు. కింద ఒక స్విచ్, పైన ఒక స్విచ్ పెట్టే టూ వే వైరింగులో ఆ రెండు స్విచ్‌ల మధ్య రెండు వైర్లు జంటగా నడుస్తాయి. ఎప్పుడూ వాటిలో ఒకదానిలో ఫేజు ఉంటుంది, రెండోది దాన్ని ఆనుకునే ఉంటుంది. బల్బు ఆపామంటే బల్బును ఆ రెండో వైరుకు తగిలించామన్నమాట. రెండంతస్తుల ఇంట్లో ఆ జంట ప్రయాణం పది పదిహేను మీటర్లు సులభంగా ఉంటుంది. ఇక ఇన్వర్టరు ఉన్న ఇళ్లలో ఇంకో వింత: కరెంటు పోయినప్పుడు, ఇన్వర్టరుకు కలపని బల్బు కూడా మినుకుమంటుంది. ఒకే పైపులో ఇన్వర్టరు వైరూ మామూలు వైరూ లాగినందుకు అది సాక్ష్యం. స్క్వేర్ వేవ్ ఇన్వర్టరైతే మినుకు ఇంకా ఎక్కువ, ఎందుకంటే దాని తరంగంలో 50 హెర్ట్జ్‌తో పాటు 150, 250 లాంటి పై ఫ్రీక్వెన్సీలుంటాయి, ఫ్రీక్వెన్సీ పెరిగే కొద్దీ కండెన్సరు అడ్డు తగ్గుతుంది. వానాకాలంలో పైపులోకి నీళ్లు దిగితే వైర్ల మధ్య గాలి ఉండాల్సిన చోట నీరు చేరి కెపాసిటెన్స్ పెరుగుతుంది. అయితే వానాకాలపు మినుకును ఊరికే కెపాసిటెన్స్ ఖాతాలో రాసేయకూడదు. నిజంగా తొడుగు దెబ్బతిని లీకవుతున్నా ఇలాగే ఉంటుంది.

ఇక టెస్టరు సంగతి. జేబులో పెట్టుకు తిరిగే నియాన్ టెస్టరు ఈ విషయంలో సాక్షిగా పనికిరాదు. దాన్ని వెలిగించేది కూడా ఇలాంటి పిలవని కెపాసిటెన్సే. చెప్పులేసుకుని చెక్క స్టూలు మీద నిలబడ్డ మనిషికీ నేలకూ మధ్య సుమారు 100 పీకోఫారడ్‌లు ఉంటుంది, అంటే 3 కోట్ల 20 లక్షల ఓమ్‌ల అడ్డు. దానిగుండా పోయే ఏడు మైక్రోయాంపులతోనే టెస్టరులో ఎర్రదనం వస్తుంది. ఇప్పుడు నిజమైన ఫేజుకు బదులు, పక్క వైరు నుంచి దూకిన కరెంటున్న వైరును ముట్టిస్తే అడ్డుకు మరో 32 లక్షలు మాత్రమే కలుస్తాయి. పదో వంతు తేడాను కన్ను పట్టలేదు. అందుకే స్విచ్ ఆపి ఉన్నా టెస్టరు వెలుగుతుంది, "ఫేజు వస్తోంది" అని తీర్పు వచ్చేస్తుంది. డిజిటల్ మల్టీమీటరు కూడా ఇంతే మోసం చేస్తుంది. దాని లోపలి అడ్డు కోటి ఓమ్‌లైతే, రెండువైపులా ఫేజు, న్యూట్రల్ ఆనుకున్న ఖాళీ వైరు మీద వందకు పైగా వోల్టులు చూపించి కూర్చుంటుంది. పైపులో ముందుచూపుతో వదిలిన స్పేరు వైరులో 90 వోల్టులున్నాయని కంగారుపడేది ఇందుకే. దీని తిరకాసు ఇంకోవైపూ ఉంది: టెస్టరు వెలగలేదు కాబట్టి ఫేజు లేదనుకోవడం అంతకంటే ప్రమాదం.

వోల్టేజీ చూడాలంటే దానికి కాస్త బరువు, అంటే కొంత కరెంటు లాగే లోడు, తగిలించి చూడాలి. లో-జడ్ (లోపలి అడ్డును తగ్గించేది) అనే బటనున్న మల్టీమీటరు ఉంటే మంచిదే, లేకపోతే 47 కిలోఓమ్‌ల, 1 వాట్ రెసిస్టర్లు రెండు ఒకదాని వెనుక ఒకటి టంకం వేసి, స్లీవు తొడిగి, మీటరు లీడ్లకు అడ్డంగా కట్టుకుంటే చాలు. ఖర్చు కొద్ది రూపాయలు. 230 వోల్టులకు వాటిలో పోయేది 2.4 మిల్లీయాంపులు, 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (ఎర్తుకు కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్) పడిపోదు. పాతకాలం టెస్ట్ ల్యాంపు మంచి పరికరమే కానీ, 60 వాట్ల బల్బును ఫేజుకూ ఎర్తుకూ మధ్య పెడితే 260 మిల్లీయాంపులు పోయి ఆర్‌సీసీబీ పడుతుంది. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య అయితేనే వాడాలి.

పరీక్ష వైరింగు తెలిసినవారే చేయాలి. మెయిన్ ఆపి, ఇన్వర్టరునూ ఆపి బల్బు తీసేయాలి. తర్వాత సరఫరా ఇచ్చి, ముందుగా దగ్గరలోని త్రీ పిన్ సాకెట్‌లో ఫేజుకూ ఎర్తుకూ మధ్య, రెసిస్టర్లు కట్టిన మీటరుతో 230 వస్తోందా చూడాలి. ఇది మరిచిపోకూడదు, ఎర్తే లేని ఇంట్లో తర్వాతి కొలతలన్నీ అబద్ధమే చెబుతాయి. అప్పుడు బల్బు స్విచ్ ఆపి ఉంచి, హోల్డరులోని ఒక్కో పిన్నుకూ ఆ ఎర్తుకూ మధ్య కొలవాలి. రెండు పిన్నుల దగ్గరా 10 వోల్టులలోపే వస్తే స్విచ్ ఫేజులోనే ఉంది, మినుకు వైర్ల కెపాసిటెన్స్‌దే. లెక్క ప్రకారం 72 మైక్రోయాంపులకు ఈ రెసిస్టర్ల మీద వచ్చేది 7 వోల్టులే. 50 చుట్టుపక్కల నిలబడితే స్విచ్‌లోని ఇండికేటరు దీపాన్ని అనుమానించాలి: కొన్ని స్విచ్‌లలో ఆ నియాన్ దీపాన్ని స్విచ్ కొసలకే అడ్డంగా కడతారు, ఆపినప్పుడు అది బల్బు గుండానే కరెంటు తెచ్చుకుంటుంది, అర మిల్లీయాంపు పైనే. న్యూట్రల్ వైరు లేకుండా పనిచేసే టచ్ బోర్డులు, స్మార్ట్ స్విచ్‌లు కూడా ఇదే పద్ధతిలో బతుకుతాయి. ఒక పిన్ను దగ్గర 230 కదలకుండా నిలబడితే మాత్రం స్విచ్ న్యూట్రల్‌లో ఉంది. అలాంటి హోల్డరులో బల్బు మార్చేవాడు స్విచ్ ఆపానన్న ధైర్యంతో ఫేజు మీద చెయ్యి పెడుతున్నాడు. సింగిల్ పోల్ స్విచ్ (ఒక్క వైరునే తెంపేది) ఫేజులోనే ఉండాలని వైరింగుకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 732 స్పష్టంగా చెబుతోంది. బోర్డులో వైర్లు మార్చే దాకా ఆ సర్క్యూట్ ఎంసీబీ ఆపే ఉంచాలి.

వానాకాలంలో వచ్చిన మినుకైతే, లేదా రీడింగు ఈ మూడింటిలో దేనికీ చెందకపోతే, 500 వోల్టుల మెగ్గరుతో (వైరు తొడుగు అడ్డును కొలిచే పరికరంతో) చూడటం ఉత్తమం. మెగ్గరు ఇచ్చేది డీసీ. డీసీకి కండెన్సరు దారివ్వదు, దెబ్బతిన్న తొడుగు ఇస్తుంది. అందుకే మల్టీమీటరులో వోల్టేజీ కనబడి, మెగ్గరులో పదుల మెగాఓమ్‌లు వస్తే అది కెపాసిటెన్స్. ఒక మెగాఓమ్ కంటే దిగితే లీకేజీ, అక్కడ గోడ పగలగొట్టడానికి అర్థముంది. మెగ్గరు వేసే ముందు బల్బులు, చార్జర్లు, ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లు అన్నీ విడదీయాలి, లేకపోతే పరీక్ష ముగిసేసరికి డ్రైవర్లు పోతాయి. నానోఫారడ్ రేంజి ఉన్న మల్టీమీటరుంటే కెపాసిటెన్స్‌ను నేరుగా కొలవవచ్చు: సరఫరా పూర్తిగా ఆపి, రెండు వైర్ల రెండు కొసలూ విడదీసి, ఫేజు వైరుకూ స్విచ్ నుంచి హోల్డరుకు పోయే వైరుకూ మధ్య చూడాలి. లీడ్లు ఊరికే పట్టుకున్నప్పుడు చూపే అంకెను తీసేయడం మరవొద్దు. కరెంటున్న వైరు మీద ఆ రేంజి పెడితే మీటరు అక్కడికక్కడే పోతుంది.

మందు సులభమే. 0.1 మైక్రోఫారడ్, 275 వోల్టుల ఏసీ, ఎక్స్2 తరగతి (నేరుగా ఇంటి లైనుకు కట్టడానికి చేసిన) కండెన్సరు, దానికి సిరీస్‌లో 100 ఓమ్‌ల, అర వాట్, మంటంటుకోని రకం రెసిస్టరు, కండెన్సరు మీద అడ్డంగా 1 మెగాఓమ్. ఈ మూడూ కలిపి బల్బు కొసలకు అడ్డంగా, అంటే హోల్డరు దగ్గర లేదా పైన సీలింగ్ రోజ్ (బల్బు వైరును సీలింగులో కలిపే గుండ్రటి డబ్బా) బాక్సులో కట్టాలి. 50 హెర్ట్జ్ దగ్గర 0.1 మైక్రోఫారడ్ అడ్డు 32 వేల ఓమ్‌లే కాబట్టి, దూకి వచ్చిన 72 మైక్రోయాంపులకు బల్బు మీద మిగిలేది 2 వోల్టులు. ఏ డ్రైవరూ దానికి మేలుకోదు. బల్బు వెలిగి ఉన్నప్పుడు దీనిగుండా 7 మిల్లీయాంపులు పోయినా అది కండెన్సరు కరెంటు, ఖర్చు లేదనే చెప్పాలి. మెగాఓమ్ రెసిస్టరు పని, ఆపిన తర్వాత కండెన్సరులో మిగిలిన చార్జిని క్షణంలో ఖాళీ చేయడం. కారణం ఇండికేటరు దీపమైతే 0.22 మైక్రోఫారడ్ పెట్టవచ్చు, దీపం తీసేయడం ఇంకా తేలిక.

ఇక్కడ జరిగే తప్పులు రెండు. ఒకటి, ఈ కట్టను బల్బుకు బదులు స్విచ్‌కు అడ్డంగా పెట్టడం. అప్పుడు మైక్రోయాంపుల బదులు మిల్లీయాంపులు బల్బుకు అందుతాయి, మినుకు కాస్తా వెలుగవుతుంది. రెండోది, ఎక్స్2 దొరకలేదని రేడియో బల్లలోంచి తీసిన 400 వోల్టుల డీసీ పాలియెస్టర్ కండెన్సరు పెట్టడం. ఇంటి లైన్లో వచ్చే వోల్టేజీ దెబ్బలకు పొర చిల్లుపడితే తనంతట తాను మానిపోయేలా చేసింది ఎక్స్2. మామూలుది షార్టయి కాలుతుంది, అదీ సీలింగ్ రోజ్ వెనుక, ఎవరికీ కనబడని చోట. ఒకే స్విచ్ మీద మూడు నాలుగు బల్బులున్న హాలులో ఏదో ఒక హోల్డరులో జీరో బల్బు తగిలించి సరిపెట్టడం పాత చిట్కా. పనిచేస్తుంది కానీ, ఎల్‌ఈడీ పెట్టింది పొదుపుకే కదా!

బల్బు తయారుచేసేవారికీ ఒక మాట. డ్రైవరు ముందు, బల్బు కొసలకు అడ్డంగా కొన్ని వందల కిలోఓమ్‌ల రెసిస్టరు ఒకటి పెడితే చాలా ఇళ్లలో ఈ బాధ పుట్టదు. కొన్ని కంపెనీల బల్బుల్లో ఉంది కూడా. అందుకే బల్బు మారిస్తే ఒక్కోసారి ఆగుతుంది, దాంతో పాత బల్బు చెడ్డదన్న అపోహ బలపడుతుంది. కొత్త ఇళ్లు కట్టేవారు మెట్ల లైటు జంట వైర్లకూ ఇన్వర్టరు వైర్లకూ వేరే పైపు వేయమని మేస్త్రీకి స్లాబు పోసే ముందే చెప్పాలి. ఆనుకున్న వైర్లను ఐదు సెంటీమీటర్లు ఎడం చేస్తే కెపాసిటెన్స్ ఐదారో వంతుకు పడిపోతుంది. ఆ తర్వాత ఎంత దూరం జరిపినా పెద్ద లాభం లేదు.

ఎలక్ట్రానిక్స్ డిప్లొమా పిల్లలకు ల్యాబులో ఎదురయ్యేదీ ఇదే, కొలత మాత్రం పీకోఫారడ్‌లలో. 100 కిలోఓమ్‌ల పాయింటు దగ్గర ఆసిలోస్కోపు (తరంగాన్ని తెర మీద చూపే పరికరం) ప్రోబు 1 ఎక్స్‌లో పెడితే, ప్రోబు తీగ, స్కోపు కలిపి 120 పీకోఫారడ్‌లు సర్క్యూట్‌లో చేరి 13 కిలోహెర్ట్జ్ నుంచే సిగ్నల్ కుంగుతుంది. 10 ఎక్స్‌కు మారిస్తే 15 పీకోఫారడ్‌లు, 100 కిలోహెర్ట్జ్ దాకా పరవాలేదు. సర్క్యూట్ తప్పని మార్కులు తీసేసే ముందు ప్రోబు మీది ఆ చిన్న స్విచ్ చూడమని మనవి. బీసీ547 ట్రాన్సిస్టరుతో సిగ్నల్‌ను వంద రెట్లు పెంచే (అంటే వంద రెట్ల గెయిన్) ఆంప్లిఫయరు కట్టి, మైకు వైపు 10 కిలోఓమ్‌లుంటే 45 కిలోహెర్ట్జ్ దాటదు. కలెక్టరుకూ బేసుకూ మధ్యనున్న మూడున్నర పీకోఫారడ్‌లే గెయిన్‌తో గుణించుకుని 350 అవుతాయి. వాల్వులలో ఈ లెక్కను 1920లోనే జాన్ మిల్లర్ రాసిపెట్టాడు. బ్రెడ్‌బోర్డులో పక్కపక్క వరసల మధ్య కూడా కొన్ని పీకోఫారడ్‌లుంటాయి, కాబట్టి బేసు, కలెక్టరు పక్కపక్క వరసల్లో పడకుండా గుచ్చితేనే ఆ లెక్క నిలుస్తుంది.

చివరగా, ఇళ్లలో నవ్వుకుని వదిలేయగల ఈ విషయం స్తంభాల మీద మనిషిని చంపుతుంది. ఒకే టవరుకు రెండు లైన్లున్నచోట ఒకటి ఆపి రెండోది నడుస్తుంటే, ఆపిన లైను తీగలకూ నడిచే తీగలకూ మధ్య కిలోమీటర్ల కొద్దీ కెపాసిటెన్స్ ఉంటుంది, వోల్టేజీ 230 కాదు, 33 వేలో లక్షా 32 వేలో. మూడు ఫేజులు కొంత పరస్పరం కొట్టేసుకున్నా మిగిలింది ప్రాణం తీయడానికి చాలు. బ్రేకరు తెరిచారని, ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైను ఆపామని ఇచ్చే అనుమతి) ఇచ్చారని తీగను ముట్టుకోకూడదు. పనిచేసే చోటుకు రెండువైపులా, తీగను ఎర్తుకు కలిపే డిశ్చార్జి రాడ్లు వేయాలి. వేసేటప్పుడు ముందు ఎర్తు కొస బిగించి ఆ తర్వాత రాడ్డును తీగకు తగిలించాలి, తీసేటప్పుడు ముందు తీగ నుంచి తీసి చివరన ఎర్తు కొస విప్పాలి.

ఇట్లు,
ఎలక్ట్రీషియన్ ట్రేడు నేర్పే ఇద్దరు బోధకులు,
గుంటూరు జిల్లా